పిస్టన్ ఎంత మెల్లగా కదిలితే ‘మెల్లగా’ అన్నట్టు?

మెకానికల్ సెకండియర్ చదివే ఒక అబ్బాయి అడిగింది ఇదీ: “క్వాసీ-స్టాటిక్ ప్రక్రియ అంటే అనంతమైన నెమ్మదితో జరిగేది అని క్లాసులో రాయించారు. అలాగైతే అది ఎప్పటికీ పూర్తికాదు కదా సార్? జరగని దానికి లెక్కలెందుకు? మళ్లీ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజిన్‌కు కూడా అదే ఫార్ములా వేస్తున్నారు, అదెట్లా కుదురుతుంది? క్వాసీ-స్టాటిక్, రివర్సిబుల్ (ఏ గుర్తూ మిగలకుండా వెనక్కి తిప్పగలిగేది) రెండూ ఒకటేనా? ఎగ్జామ్‌లో ఏం రాసినా సగం మార్కులే పడుతున్నాయి.”

నేను కొన్నేళ్లు చిత్తూరు వైపు ఒక పాల ప్లాంటులో బాయిలర్లు, చల్లబరిచే యంత్రాలు చూసుకున్నాను. ఆ తర్వాత తిరుపతిలో ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. ఈ సందేహాలు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి వస్తాయి. ఎవరికీ రాకపోతేనే, ఈసారి ఎవరూ వినలేదేమోనని నాకు అనుమానం. ముందు ఇంజిన్ ప్రశ్న తీసుకుందాం, అది తేలితే మిగతావి సులువవుతాయి.

థర్మోడైనమిక్స్‌లో నెమ్మది అన్నది గడియారం చూసి చెప్పేది కాదు. రెండు సమయాలు పక్కపక్కన పెట్టి చెప్పాలి. ఒకటి, మనం చేసే మార్పుకు పట్టే సమయం. రెండోది, ఆ మార్పుకు వ్యవస్థ తనంతట తాను సర్దుకోవడానికి పట్టే సమయం. మొదటిది రెండోదానికంటే చాలా ఎక్కువగా ఉంటే ప్రక్రియ నెమ్మదిగా జరిగినట్టు. లేకుంటే తొందరగా జరిగినట్టు. కాబట్టి పది మిల్లీసెకన్లలో ముగిసేది నెమ్మదైనది కావచ్చు, ఏళ్ల తరబడి సాగేది తొందరైనదీ కావచ్చు. మామూలు గది వేడిలో గాజులోని అణువులు పూర్తిగా సర్దుకోవడానికి మనిషి ఆయుష్షు ఏ మూలకూ చాలదు. దానితో మీరు ఎంత నిదానంగా పనిచేసినా అది సమతాస్థితికి రాదు.

ఈ సర్దుబాటు ఎందుకింత ముఖ్యం? పిస్టన్‌ను ఒక్కసారిగా లోపలికి నెట్టారనుకోండి. పిస్టన్ ముఖం దగ్గర గాలి నొక్కుకుపోయి అక్కడ పీడనం పెరుగుతుంది. అవతలి చివర గాలికి ఇంకా కబురే అందలేదు, అక్కడ పాత పీడనమే ఉంది. ఆ క్షణంలో ‘సిలిండర్‌లో పీడనం ఎంత?’ అని అడిగితే జవాబు లేదు. ఒక్క సంఖ్య ఉంటే కదా చెప్పడానికి! పీడనాన్ని ఘనపరిమాణంలో చిన్న మార్పుతో గుణించి, అవన్నీ కూడి పని లెక్కకట్టాలంటే ప్రతి క్షణం లోపలి పీడనం ఒకే సంఖ్యగా ఉండాలి. పీవీ (పీడనం, ఘనపరిమాణం) గ్రాఫు మీద ఒక చుక్క పెట్టాలన్నా అదే షరతు. చుక్కలు పెట్టగలిగితేనే గీత వస్తుంది, గీత ఉంటేనే దాని కింద వైశాల్యం. క్వాసీ-స్టాటిక్ అన్న షరతు పని అంతే. దారి పొడవునా వ్యవస్థకు ఒక పీడనం, ఒక ఉష్ణోగ్రత ఉన్నాయని హామీ ఇవ్వడం.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు. ఒక స్ట్రోక్‌కు 10 మిల్లీసెకన్లు. స్ట్రోక్ పొడవు 9 సెంటీమీటర్లు అనుకుంటే పిస్టన్ సగటు వేగం సెకనుకు 9 మీటర్లు. పీడనంలో వచ్చిన మార్పు గాలిలో ధ్వని వేగంతో పాకుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో అది సెకనుకు 340 మీటర్ల పైచిలుకు, వేడి వాయువులో ఇంకా ఎక్కువ. అంటే ఆ 9 సెంటీమీటర్లు దాటడానికి మిల్లీసెకనులో పావు వంతు చాలు. ఒక్క స్ట్రోక్ ముగిసేలోపు పీడనం కబురు ఆ చివరికీ ఈ చివరికీ నలభై సార్ల దాకా తిరుగుతుంది. మనకు హడావిడిగా కనిపించే ఆ పిస్టన్, లోపలి గాలి దృష్టిలో తీరిగ్గా నడుస్తోంది. అందుకే కంప్రెషన్ స్ట్రోక్‌కు క్వాసీ-స్టాటిక్ ఫార్ములా వేయడం తప్పు కాదు. కానీ ఇన్‌టేక్ వాల్వు సందులోంచి దూసుకొచ్చే గాలికి, ఇంజిన్ నాక్ అయినప్పుడు, అంటే ఇంధనం తనంతట తాను ఒక్కసారిగా భగ్గుమన్నప్పుడు లోపల తగిలే పీడన తరంగాలకు ఆ ఫార్ములా పనికిరాదు. అక్కడ మార్పు కూడా ధ్వని వేగం స్థాయిలోనే జరుగుతుంది.

ఇక్కడొక తిరకాసు ఉంది. చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు, మార్కులు పోయేది కూడా ఎక్కువగా ఇక్కడే. సర్దుకోవడానికి పట్టే సమయం ఒక్కటే కాదు. పీడనానికి ఒకటి, ఉష్ణోగ్రతకు ఇంకొకటి. నిశ్చలంగా ఉన్న గాలిలో వేడి పాకడం చాలా మందకొడి వ్యవహారం. 4 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న సిలిండర్‌లో మధ్యనున్న వేడి గోడ దాకా పాకాలంటే పది సెకన్లకు అటూ ఇటూ పడుతుంది. నిజం ఇంజిన్‌లో గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి కొంత త్వరగానే పోతుంది, అయినా 10 మిల్లీసెకన్లలో పోయేది కొద్దిగే. కనుక కంప్రెషన్ స్ట్రోక్ పీడనం లెక్కన నెమ్మది, వేడి లెక్కన తొందర. అడియబాటిక్ అంటే వేడి పోవడం, రావడం లేనిది. అందుకే ‘క్వాసీ-స్టాటిక్ అడియబాటిక్’ అన్న మాటలో మీకు వైరుధ్యం కనిపించి ఉంటుంది. మెల్లగా చేస్తే వేడి బయటికి పోతుంది కదా, మరి అడియబాటిక్ ఎట్లా అని. జవాబు ఇదే: గాలి పీడనం సర్దుకునేంత మెల్లగా, వేడి తప్పించుకోలేనంత వేగంగా. ఆ రెండింటి మధ్య చాలా జాగా ఉంది, ఇంజిన్ ఆ జాగాలో తిరుగుతుంది. డీజిల్ ఇంజిన్‌లో గాలిని పద్దెనిమిదో వంతుకు నొక్కితే, ఈ ఆదర్శ లెక్క ప్రకారం 300 కెల్విన్ దగ్గర మొదలైన గాలి సుమారు 950 కెల్విన్‌కు, అంటే 680 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా చేరుతుంది. గోడలకు పోయే వేడి తీసేస్తే అసలు విలువ అంతకంటే తక్కువే. అయినా స్పార్క్ ప్లగ్ లేకుండా డీజిల్ ఎందుకు అంటుకుంటుందో తెలియడానికి ఈ అంకె సరిపోతుంది.

ఐసోథర్మల్ ప్రక్రియ, అంటే ఉష్ణోగ్రత మారకుండా జరిగేది, దీనికి వ్యతిరేకం. అక్కడ వేడి సర్దుబాటుకు కూడా సమయం ఇవ్వాలి కాబట్టి, అదే సిలిండర్‌లో నిమిషాల్లో లెక్క. ‘రెండూ క్వాసీ-స్టాటిక్కే, తేడా ఏమిటి’ అని ఎగ్జామ్‌లో అడిగితే రాయాల్సింది ఈ రెండు సమయాల గురించి.

దీనికి పెద్ద ఉదాహరణ తిరుపతిలో తల ఎత్తితే కనిపిస్తుంది. కింద వేడెక్కిన గాలి కొండ వాలు వెంబడి పైకి లేస్తుంది. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు అనుకుందాం. వంద మీటర్ల వెడల్పున్న ఒక గాలి ముద్ద సెకనుకు ఒక మీటరు చొప్పున లేస్తే పైకి చేరడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. పైకి పోయేకొద్దీ చుట్టూ పీడనం తగ్గుతుంది. ఆ ముద్ద దానికి తగ్గట్టు ఉబ్బడానికి కావలసింది ధ్వని వంద మీటర్లు దాటే సమయం, అంటే సెకనులో మూడో వంతు కూడా కాదు. మరి వేడి? కేవలం అణువుల ద్వారానే వంద మీటర్లు పాకాలంటే సుమారు పదిహేనేళ్లు పడుతుంది. ఒకవైపు సెకను లోపు, ఇంకోవైపు ఏళ్లు, మధ్యలో మన పన్నెండు నిమిషాలు. ఇంత చక్కగా కుదిరిన క్వాసీ-స్టాటిక్ అడియబాటిక్ ప్రక్రియ ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. అంచుల్లో పక్క గాలితో కలిసిపోవడమే దీన్ని కాస్త పాడుచేసేది.

ఫలితం ఏమిటంటే పొడిగాలి కిలోమీటరు ఎక్కితే దాదాపు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. 700 మీటర్లకు 7 డిగ్రీలకు కాస్త తక్కువ. తేమ నీటి చుక్కలుగా మారి మబ్బు పట్టిందంటే గుప్తోష్ణం బయటికి వచ్చి ఆ తగ్గుదల తక్కువవుతుంది, అందుకని వానాకాలంలో ఈ లెక్క అచ్చంగా దిగదు. మన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది కదా, అక్కడ బెలూన్లకు పరికరాలు కట్టి పైకి వదులుతారు. అలాంటి కొలతల్లోంచి ‘పొటెన్షియల్ టెంపరేచర్’ అనే ఒక విలువ తీస్తారు. ఫలానా ఎత్తులో ఉన్న గాలిని వేడి పోకుండా, రాకుండా, రివర్సిబుల్‌గా 1000 హెక్టోపాస్కల్ పీడనం దగ్గరికి దించితే దాని ఉష్ణోగ్రత ఎంత ఉంటుంది అన్నది ఆ విలువ. ఆ గాలిని నిజంగా ఎవరూ కిందికి దించరు. ఊహలో దించితేనే ఏ పొర పైకి లేస్తుంది, ఏది కదలకుండా కూర్చుంటుంది అన్నది తెలుస్తుంది. జరగని ప్రక్రియ మీద లెక్క ఎందుకు అన్నారు కదా, వాతావరణ శాస్త్రంలో అది రోజువారీ పని.

సరే, అనంతం సంగతి. దీన్ని మాటలతో తేల్చలేం, ఒకసారి చేత్తో లెక్క వేసుకోవాలి. ఒక మోల్ ఆదర్శ వాయువు తీసుకోండి. సిలిండర్‌ను 300 కెల్విన్ దగ్గరున్న పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టండి. మొదట పీడనం 1 బార్, దాన్ని 2 బార్‌కు తేవాలి, అంటే ఘనపరిమాణం సగమవ్వాలి. పిస్టన్ మీద బరువులు పెట్టి నొక్కుతాం.

మొత్తం బరువూ ఒకేసారి పెట్టేశామనుకోండి. పిస్టన్ ధబాల్న దిగి, రెండు మూడుసార్లు ఎగిరి, చివరికి కుదురుకుంటుంది. బయటి పీడనం మొదటి నుంచీ 2 బారే కాబట్టి మనం చేసిన పని 2494 జౌళ్లు. అదే బరువును రెండు భాగాలు చేసి, పీడనం ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో పెరిగేలా, మొదటిది కుదురుకున్నాక రెండోది పెడితే 2066 జౌళ్లు. నాలుగు భాగాలైతే 1888. పది భాగాలైతే 1790. వంద భాగాలైతే 1735. ఇంకా ఎన్ని ముక్కలు చేసినా 1729 దిగువకు రాదు. ఆ 1729 ఎక్కడిదంటే, 8.314ను 300తో గుణించి, 2 యొక్క సహజ సంవర్గమానం 0.693తో గుణిస్తే వచ్చేదే. మీ పుస్తకంలో ఐసోథర్మల్ పనికి ఇచ్చిన ఫార్ములా అదే.

ఇప్పుడు బరువులు అదే పద్ధతిలో తీసుకుంటూ పోండి. మొత్తం ఒకేసారి తీసేస్తే వాయువు మనకు తిరిగిచ్చేది 1247 జౌళ్లే. పది భాగాల్లో తీస్తే 1670, వంద భాగాల్లో తీస్తే 1723. ఒకసారి నొక్కి, మళ్లీ వదిలితే మనకు ఎంత నష్టం? ఒకే భాగంతో 1247 జౌళ్లు తొట్టిలో వేడిగా పోయాయి. పది భాగాలతో 120. వంద భాగాలతో 12.

ఈ వరుసను కాసేపు చూడండి. భాగాలు పది రెట్లయితే నష్టం పదో వంతు. ఎందుకంటే ఒక్కో మెట్టులో నష్టం ఆ మెట్టు ఎత్తుకు వర్గంలో ఉంటుంది. మెట్టు పదో వంతైతే దాని నష్టం వందో వంతు, కానీ మెట్లు పదింతలు, మొత్తం మీద పదో వంతు. క్వాసీ-స్టాటిక్ అన్న ఊహకు బలమంతా ఈ వర్గంలోనే ఉంది. నష్టం మెట్టు ఎత్తుకు అనులోమంగా ఉండి ఉంటే ఎన్ని మెట్లు వేసినా మొత్తం నష్టం తగ్గేదే కాదు, హద్దు అన్న మాటకు అర్థమే ఉండేది కాదు.

కనుక ‘అనంతమైన నెమ్మది’ని ఎవరైనా చేసి చూపించాల్సిన పనిగా తీసుకోకండి, అది ఈ వరుస చేరుకునే హద్దు. క్యాల్‌క్యులస్‌లో డెల్టా ఎక్స్‌ను సున్నాకు తీసుకెళ్తాం, సున్నాతో ఎప్పుడూ భాగించం. ఇదీ అంతే. 1729 అన్న సంఖ్య ఎవరూ చేరలేనిది. కానీ 1735 చేరుకోవచ్చు, ఆ ఆరు జౌళ్ల తేడా మీకు పట్టేదా కాదా అన్నది మీ అవసరాన్ని బట్టి. ఒక్కో మెట్టు కుదురుకోవడానికి పది సెకన్లు పడుతుందనుకుంటే, పది మెట్లకు వంద సెకన్లు, నొక్కడంలో అదనపు ఖర్చు 61 జౌళ్లు. వంద మెట్లకు వెయ్యి సెకన్లు, అదనపు ఖర్చు 6. సమయాన్నీ నష్టాన్నీ గుణించి చూడండి, దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. నన్నడిగితే క్లాసులో పిస్టన్ మీద ఒక్కో ఇసుక రేణువు పెడుతున్న బొమ్మ గీసి వదిలేయకుండా ఈ ఐదు అంకెలు బోర్డు మీద వేయిస్తే సగం గొడవ తీరిపోతుంది.

క్వాసీ-స్టాటిక్, రివర్సిబుల్ ఒకటేనా? కాదు. రివర్సిబుల్ అయిన ప్రతిదీ క్వాసీ-స్టాటిక్కే. క్వాసీ-స్టాటిక్ అయినదల్లా రివర్సిబుల్ కాదు. కొన్ని పుస్తకాలు రెండింటినీ కలిపేసి ఒకటిగానే వాడతాయి, మీ సిలబస్ పుస్తకం ఏది పాటిస్తుందో ముందు చూసుకోండి.

ఫ్లాస్కులో పోసిన కాఫీ గంటల తరబడి చల్లారుతుంది. ఏ క్షణంలో చూసినా లోపల కాఫీ అంతా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది, కాబట్టి కాఫీ వరకు అది క్వాసీ-స్టాటిక్. కానీ వేడి 80 డిగ్రీల నుంచి 30 డిగ్రీల గదిలోకి పోతోంది. కాఫీ 80 దగ్గర ఉన్నప్పుడు ప్రతి వెయ్యి జౌళ్లకు ప్రపంచం మొత్తంలో ఎంట్రోపీ (వేడిని ఉష్ణోగ్రతతో భాగించి కట్టే విలువ) సుమారు 0.47 జౌల్ పర్ కెల్విన్ పెరుగుతుంది. ఫ్లాస్కు ఇంకా మంచిదైతే ఆ వెయ్యి జౌళ్లు పోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, అంతే. 0.47 మాత్రం మారదు. నెమ్మది ఇక్కడ ఏమీ ఉద్ధరించలేదు, ఎందుకంటే తేడా తగ్గలేదు, మధ్యలో అడ్డు మాత్రం పెరిగింది. సూది మొనంత రంధ్రంలోంచి ఒక గది నుంచి ఇంకో గదికి కారే గాలిదీ ఇదే కథ. ఏ గదికి ఆ గది సమతాస్థితిలోనే ఉంటుంది, మొత్తంగా చూస్తే వెనక్కి తిరగని ప్రక్రియ.

ఘర్షణలో ఇంకో సూక్ష్మం ఉంది. నూనె పొరలో ఉండే జిగట ఘర్షణ వేగం తగ్గితే తగ్గుతుంది, మెల్లగా పోతే దాదాపు మాయమవుతుంది. పిస్టన్ రింగు గోడకు పొడిగా రాసుకునే ఘర్షణ అట్లా కాదు. ఎంత మెల్లగా కదిపినా దాని బలం దానిదే. ఇనుమును అయస్కాంతంగా చేసి, మళ్లీ తిరగేసినప్పుడు వచ్చే హిస్టెరిసిస్ లూప్ కూడా ఇలాంటిదే, మెల్లగా చేసినా ఆ లూప్ వైశాల్యం సున్నా కాదు. కాబట్టి రివర్సిబుల్ అనడానికి రెండు షరతులు కావాలి. వ్యవస్థ లోపల తేడాలు ఉండకూడదు, వ్యవస్థకూ బయటికీ మధ్య కూడా తేడా దాదాపు సున్నా ఉండాలి. పైగా పొడి ఘర్షణ వంటివి ఉండకూడదు.

ఫ్రెంచి ఇంజినీరు సాదీ కార్నో 1824లోనే ఈ రెండో షరతును పట్టుకున్నాడు. వేడిని అప్పట్లో ఒక ద్రవంలాంటి పదార్థం అనుకునేవారు, ఆయన వాదం కూడా దాని మీదే నడిచింది. అయినా, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉన్న వస్తువులు నేరుగా తగిలిన చోటల్లా పని దొరికే అవకాశం వృథా అవుతుందన్న సూత్రం చెక్కుచెదరలేదు. పదేళ్ల తర్వాత 1834లో క్లాపెరాన్ దాన్ని పీడనం, ఘనపరిమాణం గ్రాఫు మీదికి తెచ్చాడు. మీరు ఇప్పుడు గీసే కార్నో చక్రం బొమ్మ ఆయన చలవే.

జరగని దానికి లెక్కలెందుకు అన్న ప్రశ్నకు ఇంకో జవాబు ఎంట్రోపీలో ఉంది. ఒక మోల్ వాయువు పక్కనున్న శూన్యంలోకి ఒక్కసారిగా వ్యాపించి రెట్టింపు చోటు ఆక్రమించిందనుకోండి, 1845లో జౌల్ ఇలాంటి ప్రయోగమే చేశాడు. మధ్యలో పీడనం లేదు, ఉష్ణోగ్రత లేదు, గ్రాఫు మీద గీత లేదు. పని సున్నా, వేడి సున్నా. ఎంట్రోపీ మార్పు ఎంత? వేడి సున్నా కాబట్టి మార్పూ సున్నా అని రాస్తారు, మార్కులు అక్కడే పోతాయి. ఎంట్రోపీ స్థితిని బట్టి ఉండేది, వచ్చిన దారిని బట్టి కాదు. మొదటి స్థితి తెలుసు, చివరి స్థితి తెలుసు. ఆ రెండింటినీ కలిపే ఏదో ఒక రివర్సిబుల్ దారిని, ఇక్కడైతే మన బరువుల దారినే, కాగితం మీద ఎంచుకుని లెక్క కట్టాలి. 8.314 ఇంటూ 0.693, అంటే 5.76 జౌల్ పర్ కెల్విన్. నిజంగా జరిగినదాన్ని కొలవడానికి జరగని దారి కావాల్సి వచ్చింది.

ఇక ఫ్యాక్టరీలో దీనితో ఏం పని అంటారా? పాల ప్లాంటులో పాశ్చరైజర్, అంటే పాలను వేడి చేసి సూక్ష్మక్రిములను చంపే యంత్రం చూడండి. 4 డిగ్రీల పాలను 72 డిగ్రీలకు వేడి చేసి, 15 సెకన్లు ఆ వేడిలో ఉంచి, మళ్లీ 4కు దించాలి. మొత్తం వేడి ఆవిరితోను, మొత్తం చల్లదనం ఐస్ వాటర్‌తోను చేస్తే ప్లాంటు దివాలా తీస్తుంది. అందుకని పలుచటి స్టీలు ప్లేట్లు వరుసగా బిగించి, ఒక సందులో లోపలికి వచ్చే చల్లటి పాలు, పక్క సందులో బయటికి పోయే వేడి పాలు, ఎదురెదురు దిశల్లో పారిస్తారు. చల్లటి పాలు ఆవిరితో పనిలేకుండానే 65 డిగ్రీల దాకా ఎక్కుతాయి, వేడి పాలు 11 దాకా దిగుతాయి. ఆవిరి ఇవ్వాల్సింది ఆఖరి 7 డిగ్రీలే.

ఆ ప్లేట్ల మధ్య ఎక్కడ థర్మామీటర్ పెట్టినా రెండు వైపులా తేడా అదే 7 డిగ్రీలు. ఇది మన బరువుల లెక్కే, కాకపోతే మెట్లు కాలంలో కాకుండా ప్లేట్ల పొడవునా పరిచి ఉన్నాయి. ఆవిరి నేరుగా తగిలితే వంద డిగ్రీల తేడా ఉండే చోట ఏడు డిగ్రీలతో సరిపెట్టుకున్నాం. పాలు మాత్రం గంటకు వేల లీటర్ల చొప్పున పరిగెడుతూనే ఉన్నాయి. అంటే ఆగకుండా నడిచే యంత్రంలో నెమ్మదితనాన్ని సమయంతో కొనరు, ప్లేట్ల వైశాల్యంతో కొంటారు. ఈ మాట నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

మరి ఆ 7 డిగ్రీలను 3.5 చేస్తే? ఆవిరి ఖర్చు సగమవుతుంది. ప్లేట్ల వైశాల్యం రెట్టింపు కంటే కాస్త ఎక్కువే కావాలి. మా ప్లాంటులో ఈ ప్రతిపాదన వచ్చినప్పుడు షిఫ్ట్ ఆపరేటర్ ఒకాయన అన్నది: “సార్, ప్లేట్లు పెంచితే ఆవిరి మిగల్తాది నిజమే, ఆ పాలు అవతలికి తొయ్యలేక పంపు సచ్చిపోతాది. కడిగేటప్పుడు సంగతి సరే సరి.” ఆయన థర్మోడైనమిక్స్ చదవలేదు గానీ చెప్పింది సరైన ఇంజినీరింగ్. వేడి బదిలీలో వెనక్కి తిరగని నష్టాన్ని తగ్గించబోతే, పాలు పారడంలో జిగట ఘర్షణ నష్టం పెరుగుతుంది. ఒక చోట నొక్కితే ఇంకో చోట తేలుతుంది. రెండూ కలిపి ఎక్కడ తక్కువో అక్కడ ఆగాలి.

హద్దు దాకా పోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. పూర్తిగా రివర్సిబుల్ అనుకునే కార్నో ఇంజిన్ సామర్థ్యం అన్నింటికంటే ఎక్కువ, కానీ దాని పవర్ సున్నా, ఎందుకంటే వేడి బదిలీకి తేడా లేదు, ఒక చక్రం తిరగడానికి అంతులేని కాలం. 1975లో కర్జన్, ఆల్‌బోర్న్ అనే ఇద్దరు, వేడి బదిలీకి కొంత తేడా తప్పదని ఒప్పుకుని, పవర్ అత్యధికంగా ఉండే చోట సామర్థ్యం ఎంతో లెక్కకట్టారు. కార్నో ఫార్ములాలో ఉష్ణోగ్రతల నిష్పత్తి ఉండే చోట దాని వర్గమూలం వస్తుంది. 540 డిగ్రీల ఆవిరి, 40 డిగ్రీల చల్లటి వైపు అనుకుంటే కార్నో లెక్క 61 శాతం పైన, వీళ్ల లెక్క 38 శాతం. పాత పద్ధతి బొగ్గు ప్లాంట్లు ఎటువైపు ఉంటాయో చెప్పనక్కరలేదు. ఇది కార్నోలాంటి తిరుగులేని హద్దు కాదు, వాళ్లు పెట్టుకున్న షరతులకే వర్తిస్తుంది. మీ సిలబస్‌లో ఉండకపోవచ్చు, వైవాలో అడిగితే పనికొస్తుంది.

ఎగ్జామ్ సంగతికి వస్తే, ప్రశ్నలో ‘మెల్లగా’ అని కనిపించగానే రివర్సిబుల్ ఫార్ములా వేసేయకండి. వాల్వు, రంధ్రం, పోరస్ ప్లగ్ (సన్నని రంధ్రాల అడ్డు), పొడి ఘర్షణ, రెండు ఉష్ణోగ్రతల మధ్య గోడ ఉన్నాయేమో ముందు వెతకండి. ఏదైనా కనిపిస్తే, వ్యవస్థ చుట్టూ గీసే హద్దు గీతకు ఏది లోపల పెడుతున్నారో, ఏది బయట వదులుతున్నారో ఒక వాక్యం రాయండి. దిద్దేవాళ్లు వెతికేది ఆ వాక్యం కోసమే.

అలవాటు కావడానికి ఒక లెక్క ఇస్తాను. పంచర్ షాపులో గాలి ట్యాంకు ఉంటుంది కదా. లోపల 8 బార్ అసలు పీడనం, 300 కెల్విన్. వాల్వు గట్టిగా తెరిచారు, పీడనం 4 బార్‌కు రాగానే మూసేశారు. వాల్వు దగ్గర జరిగేది ఏ మాత్రం రివర్సిబుల్ కాదు, ఆ చప్పుడే చెబుతుంది. కానీ లోపల మిగిలిన గాలి చుట్టూ మాత్రం ఊహలో ఒక సంచి గీయండి. ఆ గాలి తన ముందున్న గాలిని నెట్టుకుంటూ నింపాదిగా ఉబ్బింది, దాని పీడనం ప్రతి క్షణం ట్యాంకంతా ఒకటే. గోడ నుంచి వేడి రాలేదనుకుంటే దానికి రివర్సిబుల్ అడియబాటిక్ ఫార్ములా నిక్షేపంగా వేయవచ్చు, 246 కెల్విన్ వస్తుంది, అంటే సున్నాకు దిగువన 27 డిగ్రీలు. నిజంగా అంత దిగదు, ఇనుప గోడ వేడి ఇస్తూనే ఉంటుంది. ఎంత ఇస్తుందన్నది వాల్వు ఎంతసేపు తెరిచారన్నదాన్ని బట్టి. మూడు సెకన్లలో ఖాళీ చేస్తే ఒక జవాబు, అరగంటసేపు సన్నగా వదిలితే 300 దగ్గరే ఉండే ఇంకో జవాబు. రెండింటికీ ఎంట్రోపీ మార్పు మీరే కట్టి చూడండి, గోడను లోపల కలుపుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి.